శిల్పమే చెప్పే అర్థం: కీట్స్ ‘టు ఆటమ్’ మీద సాగిన చర్చ

అమెరికన్ కవి, విమర్శకుడు అలెన్ టేట్ 1940లలో జాన్ కీట్స్ ‘టు ఆటమ్’ మీద ఒక తీర్పు ఇచ్చాడు. శైలి పరంగా ఇది దాదాపు లోపమే లేని కవితట, కాని ఇందులో కవి చెప్పింది మాత్రం తక్కువేనట. ఆ తర్వాత ఈ కవితను మెచ్చుకున్నవాళ్లూ తప్పుపట్టినవాళ్లూ చాలామంది, తెలిసో తెలియకో, టేట్ గీసిన ఈ గీతకు లోబడే మాట్లాడారు. శిల్పం ఒక పక్క, అర్థం మరో పక్క. మన డిగ్రీ తరగతుల్లో ఇంగ్లీషు కవిత్వం చెప్పే తీరులోనూ తరచు ఇదే వరస కనిపిస్తుంది: ముందు అలంకారాలు, తర్వాత సారాంశం. 33 పాదాల ఈ చిన్న కవిత చుట్టూ పెరిగిన విమర్శను ఒకసారి తిరగేస్తే ఆ విభజన ఎంతవరకు నిలుస్తుందో తేలుతుంది. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ కవిత ఏం చెబుతోందన్న ప్రశ్నకు జవాబు దాని వ్యాకరణంలో ఉంది, ప్రాసల అమరికలో ఉంది, అందులో ఎక్కడా కనిపించని ఒక సర్వనామంలో ఉంది.

కవిత పుట్టిన సందర్భం కీట్స్ ఉత్తరాల వల్ల బాగానే తెలుసు. 1819 సెప్టెంబరు 19, ఆదివారం. ఇంగ్లండ్ దక్షిణాన వించెస్టర్ పట్టణం. ఇచెన్ నది ఒడ్డున పచ్చిక బయళ్లు, ఆ పైన కోతలు అయిన చేలు. కీట్స్‌కు ఇంకా 24 నిండలేదు. అంతకు ముందు డిసెంబరులో తమ్ముడు టామ్ క్షయతో చనిపోయాడు. మరో తమ్ముడు జార్జ్ అమెరికా వెళ్లి డబ్బు పోగొట్టుకున్నాడు. ఎంతో ఆశ పెట్టుకున్న ‘హైపీరియన్’ కావ్యాన్ని ఆ వారంలోనే పక్కన పెట్టేశాడు. అందులో మిల్టన్ వాక్యపు బరువు మరీ ఎక్కువైందనీ, అచ్చమైన ఇంగ్లీషు నుడికారం తనకు కావాలనీ మిత్రుడు రెనాల్డ్స్‌కు రాసిన ఉత్తరంలో చెప్పుకున్నాడు. 21వ తేదీ నాటి ఆ ఉత్తరంలోనే, కోసేసిన చేలంటే ఇంతకు ముందెన్నడూ ఇంత ఇష్టం కలగలేదనీ, వసంతపు చలిపచ్చదనం కంటే ఇవే మేలనీ, కొన్ని చిత్రపటాల్లాగే ఈ కొయ్యకాళ్ల నేల కూడా వెచ్చగా కనిపించిందనీ, ఆదివారం నడకలో అది మనసుకు పట్టి కవిత కట్టాననీ రాశాడు. ఆ కవిత 1820లో ‘లామియా’ సంపుటంలో అచ్చయింది.

కవి మనసుకు పట్టింది పండిన చేను కాదు, కోసేసిన చేను. మొదటి స్టాంజాలోని పండ్ల సమృద్ధి దగ్గరే ఆగిపోయే చదువులన్నీ ఈ సంగతిని మరిచిపోతాయి.

ఆ మొదటి స్టాంజాను దగ్గరగా చూద్దాం. శరత్తును సంబోధిస్తూ మొదలవుతుంది. ఆ ఋతువు సూర్యుడితో గుసగుసలాడి మంతనాలు చేస్తోంది. ఎందుకు? తీగల నిండా పండ్లు కాయించడానికి, ఆపిల్ కొమ్మల్ని వంచడానికి, ప్రతి పండునూ లోపలి దాకా పండించడానికి, గుమ్మడిని ఉబ్బించడానికి, గట్టి పెంకుల్లో గింజను కండపట్టించడానికి, తేనెటీగల కోసం మళ్లీ మళ్లీ పూలు పూయించడానికి. అన్నీ తుమున్నర్థకాలే. 11 పాదాలు నడిచినా ప్రధాన వాక్యానికి సమాపక క్రియ రాదు. ఉపవాక్యాల్లో క్రియలు పూర్తవుతాయి గాని, అసలు వాక్యం సంబోధనగా మొదలై సంబోధనగానే నిలిచిపోతుంది. పండటం అనే పని జరుగుతూనే ఉంటుంది, ముగియదు. వెచ్చని రోజులు ఎప్పటికీ అయిపోవనుకునే తేనెటీగల భ్రమను కవి వర్ణించి ఊరుకోలేదు. ముగింపు లేని వాక్యాన్ని మనచేత చదివించి, ఆ భ్రమలో మనల్నీ కాసేపు ఉంచాడు. తెలుగు చదువుకున్నవాళ్లకు ఈ పనితనం ఇట్టే అర్థమవుతుంది. అసమాపక క్రియల మీద వాక్యాన్ని సాగదీస్తూ వినేవాణ్ణి ఆపి ఉంచడం మన పద్యానికీ మన వచనానికీ అలవాటైన విద్యే.

ఇక మూడో స్టాంజాకు దూకితే వ్యాకరణమంతా మారిపోయి కనిపిస్తుంది. అక్కడ సమాపక క్రియలు వరసకట్టి వస్తాయి. దోమలు విలపిస్తాయి, గొర్రెలు అరుస్తాయి, కీచురాళ్లు పాడతాయి, రాబిన్ ఈల వేస్తుంది, స్వాలో పిట్టలు కిచకిచలాడతాయి. ఒక్కో ప్రాణికి ఒక్కో కర్తృత్వం, ఒక్కో వర్తమాన క్రియ. మొదటి స్టాంజాలో అన్నీ ఋతువే చేయించింది. మూడోదానిలో ఎవరి పని వాళ్లే చేస్తున్నారు. ఋతువును పలకరించి, నీకూ నీ సంగీతం ఉందని ఓదార్చి, కవి దాన్ని పక్కకు తప్పించేస్తాడు. కవిత ఏం చెబుతోందని ఎవరైనా అడిగితే నేను ముందు ఈ మార్పునే చూపిస్తాను. ప్రయోజనాలతో నిండిన సమృద్ధి నుంచి, ఏ ప్రయోజనమూ అక్కర్లేని ఉనికి దాకా నడక. దీన్ని ఒక ఆలోచనగా విడిగా పేర్చి చెప్పలేదు గనక ఇందులో ఆలోచనే లేదని టేట్ అనుకున్నాడు.

ప్రాసల విషయమూ ఇలాంటిదే. ఆ ఏడాది వసంతంలో కీట్స్ రాసిన నైటింగేల్, గ్రీషియన్ అర్న్, మెలంకలీ ఓడ్‌లలో స్టాంజాకు 10 పాదాలు. ఇక్కడ 11. మొదటి నాలుగు పాదాల్లో ఒకటి విడిచి ఒకటి ప్రాస కుదురుతుంది. ఆ తర్వాత ఏడు పాదాల్లో ప్రాస వలయాలు పెద్దవవుతాయి. తొమ్మిది, పది పాదాలు జంటగా ప్రాస కలిపేసరికి స్టాంజా ముగిసిందని చెవి అనుకుంటుంది. అప్పుడు పదకొండో పాదం వస్తుంది, ఎప్పుడో ఏడో పాదంలో వదిలేసిన ప్రాసను అందుకుని. కీట్స్ జీవిత చరిత్రకారుడు వాల్టర్ జాక్సన్ బేట్ ఈ సాగదీతను ప్రత్యేకంగా గుర్తించాడు. ముగింపు వాయిదా పడటం ఈ కవితలో ఒక భావం కూడా. రెండో స్టాంజా చివర ఋతువు పండ్లరసం తీసే గానుగ పక్కన కూర్చుని ఆఖరి బొట్లు కారడాన్ని గంటల తరబడి ఓపిగ్గా చూస్తుంది. ఆ దృశ్యం సరిగ్గా ఆ అదనపు పాదంలోనే పడింది. గంటలు గడవడాన్ని చెప్పే మాట దగ్గరే ఆలస్యమైన ప్రాస అందుతుంది.

రెండో స్టాంజా గురించి విమర్శకులు రాసినంత మరే భాగం గురించీ రాయలేదనుకుంటాను. ఇక్కడ ఋతువు మనిషి రూపంలో కనబడుతుంది. గాదెలో నేల మీద ఏ తొందరా లేకుండా కూర్చుంటుంది, తూర్పారబట్టే గాలికి జుట్టు ఎగురుతుంటుంది. సగం కోసిన చాలులో గసగసాల పూల మత్తుకు నిద్రపోతుంది, చేతిలో కొడవలి ముందున్న కంకులనూ వాటిని పెనవేసుకున్న పూలనూ కోయకుండా వదిలేస్తుంది. పరిగె ఏరుకున్న మోపు నెత్తిన పెట్టుకుని వాగు దాటుతుంది. ఈ మూర్తి స్త్రీయో పురుషుడో కవి చెప్పలేదు. ధాన్యదేవత సీరీస్‌ను తలచుకుని విమర్శకులే ఎక్కువగా స్త్రీని చేశారు. పరిగె మోపు దగ్గర ఇంగ్లీషు విమర్శకుడు ఎఫ్. ఆర్. లీవిస్ పట్టుకున్న సూక్ష్మం ఒకటి ఇప్పటికీ ఈ కవిత మీద వచ్చిన గొప్ప పరిశీలనల్లో ఒకటి. బరువును నిలకడగా మోయడాన్ని చెప్పే వాక్యం సరిగ్గా పాదాంతంలో విరుగుతుంది. క్రియ పై పాదం చివర, నిలకడను చెప్పే మాట కింది పాదం మొదట. చదివే గొంతు ఆ ఖాళీని జాగ్రత్తగా దాటి అవతల అడుగు పెట్టాలి. వాగు దాటే మనిషి చేసేదీ అదే. ఛందస్సు అర్థాన్ని అలంకరించడంతో సరిపెట్టుకోకుండా తానే ఆ పని చేసి చూపిస్తుందన్న మాటకు ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు.

దీన్ని పర్సానిఫికేషన్ అని పేరు పెట్టి వదిలేస్తే విద్యార్థికి ఏమీ దక్కదు. మన అలంకారశాస్త్రంలో స్వభావోక్తి మీద జరిగిన పాత తగాదా ఇక్కడ బాగా పనికొస్తుంది. ఉన్నదున్నట్టు చెప్పడాన్ని దండి ‘కావ్యాదర్శం’లో మొట్టమొదటి అలంకారంగా నిలబెట్టాడు. కుంతకుడు ‘వక్రోక్తిజీవితం’లో దాన్ని ఒప్పుకోలేదు. స్వభావమంటే అలంకరించవలసిన వస్తువే కదా, అదే అలంకారం ఎలా అవుతుందని అతని వాదం. ‘టు ఆటమ్’ రెండో స్టాంజా ఈ ఇద్దరి మధ్యా నిలబడి ఉంది. ఋతువును మనిషిని చేయడం కల్పన. కాని ఆ మనిషి చేసే ప్రతి పనీ ఆ వారంలో వించెస్టర్ చుట్టుపక్కల చేలల్లో ఎవరైనా చూడగలిగినదే. దేవత అనదగినది ఆ మూర్తిలో ఒక్కటీ లేదు. ‘హైపీరియన్’లోని దేవతల్ని వదిలించుకుంటున్న కవి ఇక్కడ దేవతను కూలిమనిషి పనుల్లోకి దించాడు. ఆముక్తమాల్యదలో వానాకాలపు రైతుల ఇళ్లను, వాళ్ల పనుల్ని శ్రీకృష్ణదేవరాయలు ఎంత దగ్గరగా చూపించాడో ఎరిగిన పాఠకులకు, ఋతువర్ణన అనగానే పూలూ కోకిలలే అన్న అపోహ ఉండదు. కీట్స్‌ను చదవడానికి అది మంచి సన్నాహం.

పాఠ్యపుస్తకాలు ఇష్టంగా చెప్పే ఒక పథకం ఉంది. మొదటి స్టాంజా ఉదయం, రెండోది మధ్యాహ్నం, మూడోది సాయంత్రం. మొదట స్పర్శా రుచీ, తర్వాత చూపు, చివర వినికిడి. కోతకు ముందు, కోత వేళ, కోత తర్వాత. తప్పేమీ కాదు. పొగమంచుతో మొదలై సంధ్యతో ముగుస్తుంది, మూడోదానిలో శబ్దాలే ఎక్కువ. కాని ఇంత చక్కగా గళ్లు గీస్తే కవితలోని కదలిక పోతుంది. ఉదాహరణకు మూడో స్టాంజా శబ్దాలతో మొదలవదు. ముందు ఒక ప్రశ్న, వసంత గీతాలేవీ అని. వెంటనే దాన్ని తోసిపుచ్చడం. ఆ తర్వాత చూపే. పడమటి మబ్బుల వెలుగు కొయ్యకాళ్ల నేలను తాకి గులాబిరంగు చేస్తుంది. హార్వర్డ్‌లో ఉన్న తొలి చిత్తుప్రతిలో ఇక్కడ ఒకే బంగారు మబ్బు ఉంది, అది పగటికి పూత పూస్తుంది. అచ్చయ్యేసరికి బంగారం పోయింది, చారల మబ్బులు వచ్చాయి, పూత పోయి పూయడం వచ్చింది. చచ్చిపోతున్న పగలు పూస్తోంది. వసంతాన్ని తోసిపుచ్చిన కవి వసంతపు క్రియను సాయంత్రానికి ఇచ్చేశాడు. ఇదే స్టాంజాలో దోమల గుంపు గాలి లేస్తే లేచి, పడితే పడుతుంది. గాలి బతకడం, చావడం అనే రెండు క్రియలు పక్కపక్కనే వస్తాయి. గొర్రెపిల్లలు ఇప్పుడు పిల్లలు కావు, ఎదిగిపోయాయి. మృత్యువు ఈ స్టాంజాలో ప్రతి పాదంలోనూ ఉంది, ఏ పాదంలోనూ నిలబడి ఉపన్యసించదు.

ఇక ఆ లేని సర్వనామం. కవితలో ‘నేను’ ఒక్కసారి కూడా రాదు. కీట్స్ ఎప్పుడూ ఇలాగే రాయలేదు. 1818 జనవరిలో రాసిన ఒక సానెట్‌లో తాను ఎక్కడ త్వరగా చనిపోతానో అన్న భయాన్ని పంట భాషలోనే చెప్పుకున్నాడు. కలం తన మెదడులో పరిగె ఏరడం, పుస్తకాలు గాదెల్లా నిండటం. హెలెన్ వెండ్లర్ 1983లో వెలువరించిన ‘ది ఓడ్స్ ఆఫ్ జాన్ కీట్స్’లో ‘టు ఆటమ్’ మూలాల్ని ఆ సానెట్ దాకా తీసుకెళ్లింది. అవే గాదెలు, అదే పరిగె, కాని ఈసారి కవి సొంత భయమూ సొంత కీర్తీ వాటిలోంచి తప్పుకున్నాయి. వెండ్లర్ చదివిన తీరులో నాకు అన్నిటికంటే విలువైనది ఈ భాగమే.

తెలుగు పాఠకులకు ఈ సంగతి ఇంకాస్త ఆశ్చర్యంగా ఉండాలి. రాయప్రోలు సుబ్బారావు, దేవులపల్లి కృష్ణశాస్త్రి మొదలైనవారి ద్వారా మనకు అందిన రొమాంటిక్ స్ఫూర్తిలో ‘నేను’దే పెద్ద పీట. కవి వేదన, కవి స్వేచ్ఛ, ప్రకృతిలో కరిగిపోవాలన్న కవి తపన. భావకవులకు దగ్గరగా వచ్చిన ఇంగ్లీషు కవి షెల్లీ. అదే 1819 అక్టోబరులో ఫ్లారెన్స్‌లో షెల్లీ రాసిన ‘ఓడ్ టు ది వెస్ట్ విండ్’ కూడా శరత్కాలపు కవితే. అందులో గాలిని ఆవాహన చేసి తనను ఎత్తుకుపొమ్మని అడిగే ‘నేను’ కవిత నడిమధ్య నిలబడి ఉంటుంది. నెల తేడాలో, ఒకే ఋతువు మీద, ఇద్దరు రొమాంటిక్ కవులు ఇంత వేరుగా రాశారు. రొమాంటిక్ ప్రకృతి కవిత్వమంటే ఆత్మాశ్రయమేనని ఒక్క గాటన కట్టే వాళ్లకు ‘టు ఆటమ్’ ఒక్కటి చాలు సమాధానంగా.

విమర్శకుడు జెఫ్రీ హార్ట్‌మన్ 1970లలో ఈ లేమిని మరో కోణంలో చూశాడు. ఓడ్ అంటే దైవం ప్రత్యక్షమయ్యే ఉత్కంఠ క్షణం కోసం ఎదురుచూసే రూపం. కీట్స్ ఆ శిఖరాన్ని చదును చేసి, అస్తమయపు పడమటి నేలకు తగిన నెమ్మదిని దానికి నేర్పాడని అతని సిద్ధాంతం. ఊహ గొప్పదే. కాని అతని వ్యాసంలో కొంత దూరం పోయాక కవితలోని దోమలూ గొర్రెలూ కనబడటం మానేస్తాయి.

అసలు తగాదా 1979లో మొదలైంది. విమర్శకుడు జెరోమ్ మెక్‌గాన్ ఒక సూటి ప్రశ్న వేశాడు. 1819 ఆగస్టు 16న మాంచెస్టర్‌లో సెయింట్ పీటర్స్ ఫీల్డ్‌లో ఓటు హక్కు అడగడానికి చేరిన వేలాదిమంది మీదకు గుర్రపు దళాన్ని తోలారు. పదిమందికి పైగా చనిపోయారు, వందలమంది గాయపడ్డారు. దాన్నే పీటర్లూ అన్నారు. ఆ సభలో ప్రధాన వక్త హెన్రీ హంట్ సెప్టెంబరులో లండన్‌లో అడుగుపెట్టినప్పుడు వీధుల్లో చేరిన జనాన్ని కీట్స్ కళ్లారా చూసి ఉత్తరంలో రాశాడు. ఆ తర్వాత వారం తిరక్కుండా ఇంత ప్రశాంతమైన కవిత ఎలా వచ్చింది? చరిత్రలోంచి తప్పించుకోవడానికే వచ్చిందని మెక్‌గాన్ జవాబు. 1818లో కీట్స్ కావ్యం ‘ఎండిమియన్’ను సంప్రదాయవాద పత్రికలు చీల్చి చెండాడాయి గనక, 1820 సంపుటం ఎవరికీ కోపం తెప్పించకుండా కూర్చినదనీ వాదించాడు. షెల్లీ మాత్రం పీటర్లూ వార్త వినగానే ‘ది మాస్క్ ఆఫ్ అనార్కీ’ రాశాడు. దాన్ని అచ్చువేసే ధైర్యం 1832 దాకా ఎవరికీ రాలేదు.

ప్రశ్న న్యాయమైనదే. కవిత్వాన్ని ప్రేమించేవాళ్లు దాన్ని విసుక్కుని పక్కకు నెట్టకూడదు. దానికి వచ్చిన జవాబుల్లో కొన్ని బలహీనమైనవి. సూర్యుడితో ఋతువు పన్నే మంతనంలో ఆ రోజుల ‘కుట్ర’ కేసుల ప్రతిధ్వని ఉందని నికొలస్ రో వంటివారు చూపించారు. లీ హంట్ ‘ఎగ్జామినర్’ పత్రికలో ఆ నెల ప్రకృతి పంచాంగం రాజకీయ వార్తల పక్కనే అచ్చయిందన్నారు. పదాలకు ఆ వేడి తగిలి ఉండవచ్చు. అయితే ఒక్క మాట మీద అంత భవనం కడితే నిలవదు. పరిగె ఏరే మనిషి మీద వచ్చిన చర్చకు బలం ఎక్కువ. కోత అయ్యాక రాలిన కంకులు ఏరుకోవడం ఇంగ్లండ్ పల్లెల్లో పేదల పాత వాడుక. 1788లో స్టీల్ వర్సెస్ హౌటన్ కేసులో కామన్ ప్లీస్ కోర్టు, చట్టం ప్రకారం అది ఎవరికీ హక్కు కాదని తీర్పిచ్చింది. 1815 నాటి కార్న్ లా, క్వార్టర్ (ఆనాటి ధాన్యపు కొలత) గోధుమ ధర 80 షిల్లింగులకు చేరేదాకా విదేశీ ధాన్యాన్ని రానివ్వలేదు. రొట్టె ధర రాజకీయమైన కాలం అది. 2012లో రిచర్డ్ మార్గ్రాఫ్ టర్లీ, జేన్ ఆర్చర్, హోవర్డ్ థామస్ కలిసి రాసిన వ్యాసం, కవితలోని కొయ్యకాళ్ల నేల వించెస్టర్ పట్టణానికి తూర్పున ఉన్న సెయింట్ జైల్స్ హిల్ అని వాదించింది. అంతకు ముందు అందరూ నది ఒడ్డు పచ్చికలనే అనుకునేవారు. ఆ కొండ మీద గోధుమ వేయడం ధాన్యం ధరల లెక్కలతోనూ, కొత్తగా భూమి కొన్న ధనికులతోనూ ముడిపడిన విషయమని వాళ్లు చూపించారు. ఇప్పుడక్కడ కార్ల పార్కింగ్ కట్టడం ఉంది.

ఈ వెలుగులో రెండో స్టాంజాకు మళ్లీ వెళితే నాకు ఒక సంగతి కనిపిస్తుంది. ఆ చేనంతటికీ అధిదేవత ఎవరో, తలమీద పరిగె మోపు మోస్తున్నదీ వాళ్లే. గాదె యజమానిలా కూర్చున్నదీ, కొడవలి పట్టి అలసి పడుకున్నదీ ఒకే మూర్తి. సొంతదారు, కూలి, పరిగె ఏరుకునే పేద అన్న తేడాలు ఆ బొమ్మలో చెల్లవు. దీన్ని పీటర్లూ మీద నిరసన అంటే అతిగా చదివినట్టే. కాని తప్పించుకోవడం అంటే అసలు చదవనట్టు. ఋతువును మనిషిని చేసిన శిల్పంలోనే ఆ సమాజం గురించిన ఒక ఆలోచన ఉంది. ఎవరి పేరూ ఎత్తదు గనక దాన్ని మెక్‌గాన్ పద్ధతి పట్టుకోలేకపోయింది.

వాతావరణం వైపు నుంచి వచ్చిన చదువులు ఈ తగాదాకు కొత్త గాలినిచ్చాయి. 1815 ఏప్రిల్‌లో ఇండోనేషియాలో టాంబోరా అగ్నిపర్వతం పేలింది. మరుసటి ఏడాది యూరప్‌లో వేసవే రాలేదు, పంటలు పోయాయి. జోనథన్ బేట్ ‘ది సాంగ్ ఆఫ్ ది ఎర్త్’లో, ఆ చెడ్డ ఏళ్ల తర్వాత మళ్లీ తేటపడిన గాలి, మళ్లీ పండిన పంట ఈ కవితకు నేపథ్యమని రాశాడు. అలాన్ బ్యూయెల్ ఈ కవితను వలస దేశాల వేడి, జ్వరాలకు ఎదురుగా ఇంగ్లండ్ తనకు తాను ఊహించుకున్న ఆరోగ్యకరమైన వాతావరణానికి చిత్రంగా చదివాడు. గైస్ ఆస్పత్రిలో వైద్యం చదివి, క్షయతో తమ్ముణ్ణి పోగొట్టుకున్నవాడు గాలి గురించి రాస్తే, ఆ గాలి ఉత్త అలంకారం కాదని ఒప్పుకోవాలి. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం. కీట్స్‌కు నోటి వెంట రక్తం పడింది 1820 ఫిబ్రవరి 3న, రోమ్‌లో చనిపోయింది 1821 ఫిబ్రవరి 23న. సెప్టెంబరు నాటి కవితను ఆ తర్వాత జరిగినదాని వెలుగులో మరణశాసనంగా చదవడం మన తరగతుల్లో ఇప్పటికీ మామూలే. దానివల్ల కవిత మీద జాలి పెరుగుతుంది, కవిత వినిపించడం తగ్గుతుంది.

ఋతువుల లెక్క తప్పుతున్న ఈ కాలంలో, వేసవి ముగియదనుకునే తేనెటీగల పాదాలను కొందరు హెచ్చరికగా చదువుతున్నారు. ఆ చదువును నేను కాదనను, కాని మూడో స్టాంజా దాన్ని సగం దూరమే రానిస్తుంది. అక్కడ స్వాలో పిట్టలు ఆకాశంలో గుమిగూడుతున్నాయి. ఎక్కడికి వెళతాయో, మళ్లీ వస్తాయో రావో కవి చెప్పలేదు. ప్రయాణం మొదలవలేదు కూడా. చివరి పాదంలో ఉన్నది వర్తమాన క్రియ ఒక్కటే.